గీతల మనుషులు, మనసు బుడగలు



ఈ నెల గోడపత్రికలో పాఠం రాసే వంతు నాకు వచ్చింది. లెక్కల పాఠం, సైన్సు పాఠం పుస్తకాల్లో ఎలాగూ ఉన్నాయి. పుస్తకంలో లేనిది రాద్దామని ఇది రాస్తున్నాను. మండలం నుంచి భవిత కేంద్రం మేడమ్ గారు మన బడికి వచ్చినప్పుడు చెప్పినవి నోటుబుక్కులో రాసుకున్నాను. కొన్ని సంగతులు మన సైన్సు మేడమ్ గారిని అడిగి తెలుసుకున్నాను. కొన్ని మన హాస్టల్లో చేసి చూసినవి. పెద్ద అక్షరాలతో రాశాను, చిన్న చెల్లెళ్ళు కూడా చదవచ్చు. చదవడం రానివాళ్ళు బొమ్మలు చూడండి.

1. ఈ పాఠం దేని గురించి?

మనం హాస్టల్లో చాలామందిమి ఉంటాం. సవర పిల్లలం ఉన్నాం, జాతాపు పిల్లలు ఉన్నారు, గదబ పిల్లలు ఉన్నారు. ఒక గదిలో పడుకుంటాం, ఒక కుళాయి దగ్గర స్నానం చేస్తాం, ఒక లైనులో అన్నానికి నిలబడతాం. అందుకని గొడవలు వస్తాయి. బకెట్టు గొడవ, సబ్బు గొడవ, జడ రబ్బరు గొడవ, "నన్ను చూసి నవ్వింది" గొడవ.

గొడవ వచ్చినప్పుడు ఏం చేస్తాం? అందరం ఒకేసారి మాట్లాడతాం. గట్టిగా అరిచినవాళ్ళు గెలుస్తారు. తెలుగు బాగా వచ్చినవాళ్ళు గెలుస్తారు. మాట రానివాళ్ళు ఏడుస్తారు. ఏడిస్తే తప్పు వాళ్ళదే అనుకుంటారు.

ఇలా కాకుండా ఒక కాగితం మీద గీతలతో మనుషుల్ని గీసి, ఎవరు ఏమన్నారు, ఎవరు మనసులో ఏమనుకున్నారు అని రాసుకుంటే గొడవ ఎక్కడ మొదలైందో కనబడుతుంది. దానికి బొమ్మలు బాగా గీయడం రానక్కరలేదు. ఒక గుండ్రం, ఐదు గీతలు చాలు. ఆ పద్ధతే ఈ పాఠం.

2. దీన్ని ఎవరు మొదలుపెట్టారు?

అమెరికా దేశంలో మిషిగన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ జెనిసన్ అనే ఊరి బడుల్లో కారల్ గ్రే అనే టీచరమ్మ పని చేసేవారు. ఆటిజం ఉన్న పిల్లలకు ఆవిడ పాఠాలు చెప్పేవారు. ఆటిజం జబ్బు కాదు, అంటుకునేది కాదు. కొందరి మెదడు పుట్టుకతోనే వేరుగా పనిచేస్తుంది. వాళ్ళలో కొందరికి ఎక్కువ గోల పడదు, కొందరు మాట తక్కువ మాట్లాడతారు, ఎదుటివాళ్ళు ముఖంతో చెప్పేది కొందరికి తొందరగా అందదు. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. అందులో ఆటిజం కూడా ఉంది. అలాంటి పిల్లలకు కూడా బడిలో అందరితోపాటు చదువుకునే హక్కు ఉంది.

కారల్ గ్రే రెండు పనులు చేశారు. 1990, 91 ప్రాంతంలో "సోషల్ స్టోరీలు" మొదలుపెట్టారు. అంటే ఒక చోట ఏం జరుగుతుంది, అక్కడివాళ్ళు ఎందుకు అలా చేస్తారు అని పిల్లకు అర్థమయ్యేట్టు చిన్న కథలా రాసి ఇవ్వడం. తర్వాత 1994లో "కామిక్ స్ట్రిప్ కన్వర్జేషన్స్" అని పుస్తకం రాశారు. మనం తెలుగులో "బొమ్మల మాటలు" అనుకుందాం. మాట్లాడుతూ గీయడం, గీస్తూ మాట్లాడడం అన్నమాట. ఆటిజం ఉన్న పిల్లల కోసం మొదలైనా ఈ పద్ధతి మామూలు పిల్లలకు కూడా పనికొస్తోంది. నాకైతే మన హాస్టలు కోసమే పెట్టినట్టు అనిపించింది.

3. గోలీ ఆట: మనసులోది కనబడదు

ఇది 1985లో లండన్‌లో చేసిన పరీక్ష. సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, యూటా ఫ్రిత్ అనే ముగ్గురు చేశారు. మీరూ చెల్లెళ్ళతో ఆడి చూడండి.

రెండు బొమ్మలు తీసుకోవాలి. ఒక బొమ్మ పేరు సాలీ, రెండోదాని పేరు ఆన్. సాలీ దగ్గర బుట్ట ఉంది, ఆన్ దగ్గర పెట్టె ఉంది. సాలీ తన గోలీని బుట్టలో పెట్టి బయటకు వెళ్ళింది. సాలీ లేనప్పుడు ఆన్ ఆ గోలీని తీసి తన పెట్టెలో పెట్టింది. సాలీ తిరిగి వచ్చింది. ఇప్పుడు ప్రశ్న: సాలీ గోలీ కోసం ముందు ఎక్కడ వెతుకుతుంది?

బుట్టలో వెతుకుతుంది. ఎందుకంటే పెట్టెలోకి మారిందని మనకు తెలుసు గానీ సాలీకి తెలీదు. బాగా చిన్నపిల్లలు "పెట్టెలో" అంటారు. తమకు తెలిసింది సాలీకి కూడా తెలుసు అనుకుంటారు. మామూలుగా నాలుగేళ్ళ వయసుకు ఈ తేడా అర్థమవుతుంది. ఆ రోజు మామూలు పిల్లలు 27 మందిలో 23 మంది సరిగ్గా చెప్పారు. ఆటిజం ఉన్న పిల్లలు 20 మందిలో నలుగురే సరిగ్గా చెప్పారు.

అది చూసి చాలాకాలం అందరూ ఏమనుకున్నారంటే, ఆటిజం ఉన్నవాళ్ళకే ఎదుటివాళ్ళ మనసు అర్థం కాదు, లోటు వాళ్ళలోనే ఉంది అని. 2012లో డామియన్ మిల్టన్ అనే ఆయన ఇంగ్లండ్ నుంచి ఇంకో మాట రాశారు. ఆయనకే ఆటిజం ఉంది. వాళ్ళకు మన మనసు ఎంత అర్థం కాదో, మనకు వాళ్ళ మనసు కూడా అంతే అర్థం కాదు, లోటు రెండు పక్కలా ఉంది అన్నారు. ఈ మాట నాకు బాగా నచ్చింది. మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్లని "దీనికి ఏమీ అర్థం కాదు" అంటాం. ఆ పిల్ల మనకు అర్థమైందా అని ఎవరూ అడగరు.

4. గీతల మనిషి మనకు కొత్త కాదు

మా సవరల ఇళ్ళలో గోడ మీద బొమ్మలు వేస్తారు. మీలో చాలామంది చూసే ఉంటారు. గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, పుల్లతో గీస్తారు. మనుషులు, చెట్లు, నెమలి, ఏనుగు, సూర్యుడు, చంద్రుడు ఉంటారు. మనుషులకు కళ్ళూ ముక్కూ ఉండవు. చేతులు, కాళ్ళు గీతలే. అయినా ఎవరు డాన్సు ఆడుతున్నారో, ఎవరు కావడి మోస్తున్నారో తెలిసిపోతుంది.

ఆ బొమ్మ వేరు, ఈ బొమ్మ వేరు. అది చనిపోయిన పెద్దల కోసం, పూజ కోసం వేసేది. దాన్ని గొడవలకు వాడమని నేను చెప్పడం లేదు, అలా వాడకూడదు. "నాకు బొమ్మలు రావు" అనేవాళ్ళకు ఒక్కటే చెప్తున్నాను. బడి ముఖం చూడని మా అవ్వ గీతల మనిషిని గీస్తే ఊరంతటికీ అర్థమవుతుంది. మనకెందుకు రాదు?

5. కావలసిన వస్తువులు

ఒక పక్క రాసిన పాత కాగితం, ఒక పెన్సిలు. రంగులుంటే మంచిది. స్కెచ్ పెన్నులు లేకపోతే బొగ్గు నలుపు, పసుపు పసుపుపచ్చ, చిక్కుడాకు నలిపితే ఆకుపచ్చ, ఎర్రమట్టి ఎరుపు, బట్టలకు పెట్టే నీలిమందు నీలం. నేను ఈ గోడపత్రికలో వేసిన రంగులు ఇవే. చేత్తో ముట్టుకోకండి, అంటుకుంటాయి.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోకూడదు. పక్కపక్కన కూర్చోవాలి. ఎదురుగా కూర్చుంటే పోలీసులు అడిగినట్టు ఉంటుంది. పక్కన కూర్చుంటే ఇద్దరి చూపూ కాగితం మీద ఉంటుంది. పెన్సిలు ఎవరి కథయితే వాళ్ళ చేతికి ఇవ్వాలి. చేతకాకపోతే అప్పుడు మనం గీయాలి.

6. గుర్తులు

మనిషి: గుండ్రం తల, ఒక గీత ఒళ్ళు, రెండు గీతలు చేతులు, రెండు గీతలు కాళ్ళు.

మాట బుడగ: నోటి దగ్గర నుంచి తోక ఉన్న గుండ్రం. పైకి అన్న మాట ఇందులో రాయాలి.

మనసు బుడగ: తల మీద మబ్బులాగా గీసి, మబ్బుకీ తలకీ మధ్య చిన్న చిన్న సున్నాలు పెట్టాలి. మనసులో అనుకున్నది ఇందులో రాయాలి.

గట్టి మాట: బుడగ పెద్దది, అక్షరాలు పెద్దవి.

మెల్లగా అన్న మాట: బుడగ చిన్నది, అక్షరాలు చీమల్లాగా.

మధ్యలో అడ్డం రావడం: ఒక బుడగ మీదకు ఇంకో బుడగ ఎక్కినట్టు గీయాలి. మన గది గొడవల్లో బుడగలన్నీ ఇలాగే ఉంటాయి.

7. రంగులు

కారల్ గ్రే ఎనిమిది రంగులు చెప్పారు. ఆకుపచ్చ అంటే మంచి మాట, స్నేహం. ఎరుపు అంటే కోపం, ఏడిపించడం. నీలం అంటే దిగులు. పసుపు అంటే భయం. నలుపు అంటే జరిగిన నిజం. నారింజ అంటే ప్రశ్న. గోధుమ రంగు అంటే హాయిగా ఉండడం. ఊదా అంటే గర్వం. మనసులో రెండు మూడు కలిసిపోయి ఏమిటో తెలీకపోతే రంగులు కలిపి వేయచ్చు.

అన్నీ ఒక్కరోజే గుర్తుండవు. మొదట నాలుగు చాలు: నలుపు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఒకే మాట ఏ రంగుతో రాస్తే అలా మారుతుంది. "ఇటు రా" అని ఆకుపచ్చతో రాస్తే పిలుపు, ఎరుపుతో రాస్తే బెదిరింపు. ఇద్దరు ఒకే మాటను వేరే వేరే రంగుల్లో రాస్తే గొడవ అక్కడే ఉందని తెలుసుకోవాలి.

8. అడగాల్సిన ప్రశ్నలు

మొదట వేరే సంగతి మాట్లాడాలి. వర్షం గురించో, ఇవాళ కూర గురించో. తర్వాత ఈ వరుసలో అడగాలి.

(1) నువ్వు ఎక్కడ ఉన్నావు? గీయి.
(2) పక్కన ఎవరున్నారు?
(3) నువ్వేం చేశావు? ఏం జరిగింది?
(4) వాళ్ళు ఏం చేశారు?
(5) నువ్వేమన్నావు? వాళ్ళేమన్నారు?
(6) అలా అన్నప్పుడు నీ మనసులో ఏముంది?
(7) వాళ్ళ మనసులో ఏముందని నీకు అనిపిస్తోంది?

ఏడోది చాలా ముఖ్యం. ఎదుటివాళ్ళ మనసు బుడగను మనం పెన్సిలుతో రాయాలి, ఇంకుతో రాయకూడదు. ఎందుకంటే అది మన ఊహ. తర్వాత వాళ్ళ దగ్గరకే వెళ్ళి "నువ్వు ఇలా అనుకున్నావా?" అని అడగాలి. వాళ్ళు కాదంటే చెరిపేసి వాళ్ళు చెప్పింది రాయాలి. చివర ఒక డబ్బా గీసి ఇకమీదట ఏం చేద్దామో రాసుకోవాలి.

9. మొదటి ఉదాహరణ: గుడ్డు గొడవ

ఇది మన హాస్టల్లో జరిగింది. చాలామందికి తెలుసు. ఇద్దరినీ అడిగే రాస్తున్నాను. పేర్లు రాయను, మీరూ పేర్లు చెప్పుకోవద్దు.

మూడో తరగతి చెల్లి ఒకర్తి కొత్తగా చేరింది. తెలుగు సరిగా రాదు. ఒక శనివారం గుడ్డు పెట్టినప్పుడు లెక్కలో ఒకటి తక్కువైంది. లైనులో చివర ఉన్నామెకు గుడ్డు లేదు. ఎవరో రెండు తీసుకున్నారని గోల. ఆదివారం పొద్దున్న గదిలో వాసన వచ్చింది. వెతికితే ఈ చెల్లి ట్రంకు పెట్టెలో బట్టల కింద ఒక ఉడికించిన గుడ్డు, పాడైపోయి ఉంది.

"ఏటే, గుడ్డు దొంగిలించీసినావా?" అని మెస్ లీడరు అడిగింది. చెల్లి మాట్లాడలేదు. గదంతా చుట్టూ చేరారు. నాకు సవర వచ్చని నన్ను పిలిచారు. నేను సవరలో అడిగినా చెప్పలేదు. తల వంచుకొని పెట్టె సర్దుకుంటోంది. ఆ రోజు వాళ్ళ అమ్మ వస్తుంది, అమ్మతో ఇంటికి వెళ్ళిపోదామని.

అప్పుడు కాగితం తెచ్చి పక్కన కూర్చొని గీతల మనిషిని గీశాను. "ఇది నువ్వు. ఎక్కడున్నావు?" అని పెన్సిలు ఇచ్చాను. చాలాసేపు పట్టుకొని ఊరుకుంది. తర్వాత గీసింది.

బొమ్మ 1: మెస్సు. చెల్లి చేతిలో ప్లేటు, ప్లేటులో గుడ్డు. ఏ రోజు అంటే గురువారం అంది. శనివారం గుడ్డు కాదు, గురువారం తనకు పెట్టిన గుడ్డు. తను తినకుండా దాచుకుంది. ఈ మాట నలుపుతో రాసింది.

బొమ్మ 2: గది. పెట్టెలో గుడ్డు పెడుతోంది. మనసు బుడగలో చిన్న పిల్లాడిని గీసింది. వాడి తమ్ముడు. తమ్ముడి కంటే గుడ్డు పెద్దగా ఉంది. ఆకుపచ్చ పూసింది. ఆదివారం అమ్మతో తమ్ముడు వస్తాడు, వాడికి ఇద్దామని.

బొమ్మ 3: ఆదివారం. చుట్టూ గీతల మనుషులు. లెక్కపెట్టాను, పదకొండు మంది. అందరి నోటి దగ్గరా పెద్ద ఎర్ర బుడగ. బుడగల్లో అక్షరాలు లేవు. "ఏమన్నారు?" అంటే తెలీదు అంది. తెలుగు కదా, అర్థం కాలేదు. కోపం మాత్రం అర్థమైంది.

ఈ కాగితాన్ని మెస్ లీడరు అక్క దగ్గరకు తీసుకెళ్ళాను. చెల్లి ఆమె తల మీద మనసు బుడగలో "నన్ను కొట్టాలని" అని చెప్పి పెన్సిలుతో రాయించింది. అక్క చదివి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెరిపేసి తనే రాసింది: "గుడ్డు తగ్గితే నన్నే అడుగుతారు. లెక్క నాదే కదా. ఇప్పుడెలా?" పసుపు రంగు పూసింది. అప్పటిదాకా మేమందరం అది కోపం అనుకున్నాం. అది భయం.

మరి శనివారం గుడ్డు ఏమైంది? కుక్ అక్కని అడిగితే ఉడికేటప్పుడు ఒకటి పగిలిపోయింది అంది. ఆ మాట ముందే ఎవరూ అడగలేదు.

చివర డబ్బాలో ముగ్గురం కలిసి ఇలా రాసుకున్నాం:

ఉడికిన గుడ్డు రోజుల తరబడి దాచకూడదు, పాడైనది తింటే తమ్ముడికి జబ్బు చేస్తుంది.
ఇంటివాళ్ళకు ఏమైనా ఇవ్వాలనిపిస్తే మేడమ్ గారిని అడగాలి.
లెక్క తగ్గితే మొదట వంటగదిలో అడగాలి, తర్వాతే పిల్లల్ని అడగాలి.
ఎవరి పెట్టె అయినా వాళ్ళ ముందే, మేడమ్ గారు ఉన్నప్పుడే తెరవాలి.

చెల్లి ఇంటికి వెళ్ళలేదు. మధ్యాహ్నం అమ్మ, తమ్ముడు వచ్చారు. గుడ్డు లేదు కాబట్టి వాడికి ఆ కాగితం చూపించింది. వాడు అది ఇవ్వకుండా పట్టుకుపోయాడు. అందుకే ఈ పక్కన అంటించింది అసలు కాగితం కాదు, చెల్లి మళ్ళీ గీసింది. ఈసారి తమ్ముణ్ణి కొంచెం పెద్దగా గీసింది.

ఇది చిన్న గొడవే కదా అనుకోకండి. మా ఊరి నుంచి నాతోపాటు మూడో తరగతిలో ఐదుగురం చేరాం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని కూడా నేనే మొదట. ఆ నలుగురూ చదువు రాక మానలేదు. ఒకామె నాకంటే లెక్కలు బాగా చేసేది. ఏదో ఒక మాట పడి, తిరిగి చెప్పుకోలేక, పండగకు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఒకసారి పెట్టె ఇంటికి పోతే తిరిగి రావడం కష్టం.

10. రెండో ఉదాహరణ: "నువ్వు"

మా ఊళ్ళలో తెలుగు మాట్లాడినా పెద్దవాళ్ళని కూడా "నువ్వు" అనే అంటారు. అమ్మని, అవ్వని, ఊరి పెద్దని కూడా. అది మర్యాద తక్కువ కాదు. కొత్తగా వచ్చిన ఒక చెల్లి టీచరు గారితో "నువ్వు రా, నాకు కడుపు నొస్తంది" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె జ్వరం వచ్చినా ఎవరికీ చెప్పలేదు.

దీనికి రెండే బొమ్మలు సరిపోయాయి. మొదటి బొమ్మలో చెల్లి, టీచరు గారు, నవ్వేవాళ్ళు. చెల్లి మనసు బుడగలో "అమ్మతో అన్నట్టే అన్నాను" అని ఉంది. నవ్వేవాళ్ళ బుడగలో "టీచరు గార్ని నువ్వు అంది!" అని ఉంది. నవ్వింది తన కడుపు నొప్పికి అని చెల్లి అనుకుంది. నొప్పి చెప్తే నవ్వుతారని ఊరుకుంది.

రెండో బొమ్మకు కారల్ గ్రే చెప్పిన సోషల్ స్టోరీలాగా చిన్న కథ రాశాను. అందులో "ఇలా చెయ్యి, అలా చెయ్యకు" అనే వాక్యాలు తక్కువ ఉండాలి. ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అనేవి ఎక్కువ ఉండాలి. తిట్టినట్టు ఉండకూడదు.

"మా ఊళ్ళో అమ్మని నువ్వు అంటాం. అది ప్రేమ మాట. బడిలో టీచర్లని మీరు అంటారు. ఇది బడి అలవాటు. కొత్తవాళ్ళు ఒక్కోసారి మరిచిపోతారు. ఫరవాలేదు. నాకు ఒంట్లో బాగులేకపోతే నువ్వు అన్నా, మీరు అన్నా టీచరు గారు వింటారు. నేను మీరు అనడం నేర్చుకుంటున్నాను."

ఆ కాగితం చెల్లి పెట్టె మూత లోపల అంటించి ఉంది. అందులో చివరి ముందు వాక్యం టీచరు గారిని అడిగి, ఆవిడ సరే అన్నాకే రాశాను. నిజం కాని మాట ఇలాంటి కథలో రాయకూడదు.

11. చెయ్యకూడని పనులు

కోపం మండుతున్నప్పుడు గీయమనకూడదు. నీళ్ళు తాగి, ఏడుపు తగ్గాక గీయాలి.

తప్పు ఒప్పించడానికి గీయించకూడదు. అలా చేస్తే రెండోసారి పెన్సిలు పట్టుకోరు.

ఒకరు గీసిన కాగితం వాళ్ళని అడక్కుండా ఇంకొకరికి చూపించకూడదు, గోడకు అంటించకూడదు.

ఎవరినీ బొమ్మలో వెక్కిరించకూడదు. లావు పొట్ట, వంకర పళ్ళు గీయకూడదు. గీతల మనుషులందరూ ఒకేలా ఉండాలి.

తక్కువ మాట్లాడే పిల్లని చూసి "దీనికి ఆటిజం" అని పేరు పెట్టకూడదు. అది డాక్టర్లు చూసి చెప్పాల్సింది. సిగ్గు వల్ల, భాష రాక, ఇంటి మీద బెంగతో కూడా మాట్లాడకపోవచ్చు.

కొట్టడం, ఒంటి మీద చెయ్యి వేయడం, భయపెట్టడం లాంటివి ఉంటే ఇది పిల్లల మధ్య బొమ్మలతో తేల్చుకునే పని కాదు. వెంటనే మేడమ్ గారికి చెప్పాలి. చైల్డ్ లైన్ నంబరు 1098. అది ఉచితం.

ఇంకో మాట. ఇది మందు కాదు. అన్ని గొడవలూ తీరవు. బకెట్లు చాలకపోతే ఎన్ని బొమ్మలు గీసినా బకెట్టు గొడవ వస్తూనే ఉంటుంది. కానీ బొమ్మ గీస్తే గొడవ మనుషులది కాదు, బకెట్లది అని తెలుస్తుంది.

12. మేడమ్ గారికి విన్నపం

స్టడీ అవర్ గదిలో ఒక మూల ఒక అట్టపెట్టె పెట్టించగలరు. అందులో పాత కాగితాలు, పెన్సిలు ముక్కలు ఉంటే చాలు. కొత్తగా చేరే చెల్లెళ్ళకు మొదటి వారంలోనే బొమ్మలతో కుళాయి, మెస్సు, ప్రేయరు, బాత్రూము గురించి చూపిస్తే బాగుంటుంది. సవర, జాతాపు, గదబ పిల్లల నుంచి ఒక్కొక్క అక్క పక్కన కూర్చోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. పేర్లు లిస్టు రాసి ఇస్తాం.

13. అభ్యాసం

(1) మాట బుడగకీ మనసు బుడగకీ తేడా ఏమిటి?
(2) ఎదుటివాళ్ళ మనసు బుడగ పెన్సిలుతోనే ఎందుకు రాయాలి?
(3) గుడ్డు గొడవలో మెస్ లీడరు అక్క బుడగకు ఏ రంగు వేసింది? మీరు ఏ రంగు అనుకున్నారు?
(4) గోలీ ఆట మీ గదిలో చిన్న చెల్లెళ్ళతో ఆడి, ఎవరు ఏం చెప్పారో రాయండి. తప్పు చెప్పినవాళ్ళని చూసి నవ్వకండి.
(5) ఈ వారం మీ గదిలో వచ్చిన ఒక గొడవకు నాలుగు బొమ్మలు గీయండి. మీ మనసు బుడగ మీరు రాయండి. ఎదుటామె బుడగ ఖాళీగా వదిలి, కాగితం, పెన్సిలు ఆమె చేతికి ఇవ్వండి.

జవాబులు పై ఆదివారం లోపల నాకు ఇవ్వండి. అడిగి ఒప్పుకున్నవాళ్ళవి వచ్చే నెల పత్రికలో పెడతాం.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి.